ధాన్యం కనబడితే దిగాల్సిందే

కనకరత్నం గారికి దారి తెలియదని ఇరవై రెండు మంది ఎదుట అన్నది నేనే. ముప్పై నాలుగేళ్ళు ఇరిగేషన్‌లో లస్కరుగా కాలవ గట్ల మీద సైకిలు తొక్కిన మనిషి ఆయన. ఏ లాకు కింద ఎంత నీరు కారుతుందో ఇంట్లో కూర్చుని చెప్పగలరు. అలాంటి మనిషిని ఘంటసాల సెంటర్లో టిఫిన్ హోటల్లో కూర్చోబెట్టి ఆ మాట అన్నాను. ఆయన తినడం ఆపలేదు. చట్నీ మాత్రం ముట్టుకోలేదు.

అలా అనడానికి కారణం ఆయనకున్న ఒకే ఒక్క పట్టుదల. రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం కనబడితే సైకిలు దిగాల్సిందే. చెప్పులు, బూట్లు, మేజోళ్ళు విప్పాల్సిందే. ఆ ధాన్యంలోంచి ఒట్టి కాళ్ళతో నడవాల్సిందే.

మాది గుడివాడ ఆదివారం సైకిల్ బృందం. బ్యాంకు వాళ్ళు, డాక్టర్లు, టైల్స్ వ్యాపారి గోవర్ధనరావు గారు ఉంటారు. వాళ్ళ సైకిళ్ళు ఒక్కొక్కటి నేను జెరాక్స్ షాపులో ఏడాదిపాటు సంపాదించే జీతం ఖరీదు చేస్తాయి. పంక్చర్లు వేస్తానని నన్ను చేర్చుకున్నారు. పల్లెదారులు తెలుసని కనకరత్నం గారిని చేర్చుకున్నారు. తెలతెలవారుతుండగా బయల్దేరేవాళ్ళం. ముందు ఆయన క్యారేజీ సైకిలు, వెనక గేర్ల సైకిళ్ళు. పామర్రు దాకా బుద్ధిగా వెళ్ళేవారు. అక్కడ హైవే మీద లారీలు కనబడగానే ఏదో గట్టు మీదికి మళ్ళేవారు. ఆ తర్వాత అంతా ఆయన ఇష్టం. కూచిపూడి బోర్డు ఎడమకి చూపిస్తే ఆయన కుడికి తిరిగేవారు.

నవంబరు దాకా ఎవరికీ అభ్యంతరం లేదు. కొంగలు, తూటికాడ పూలు, నిండు కాలవ. అందరూ ఫొటోలు తీసుకునేవారు. కోతలు మొదలయ్యాయి. అక్కణ్ణుంచి మొదలైంది.

"అంకుల్, పక్కన సగం రోడ్డు ఖాళీగా ఉంది కదా? అటునుంచి పోవచ్చుగా?" అని మొదటి రోజే అడిగింది బ్యాంకులో పనిచేసే నిస్సీ.

"ఖాళీగా ఉంటే ఉండనియ్యమ్మా. మనకేం పని?"

"మరి ధాన్యంలోంచి ఎందుకండీ?"

"అన్నం తింటున్నావా లేదా?"

"తింటున్నా."

"బూట్లు విప్పు."

విప్పింది. అందరం విప్పాం. అన్నానికి మర్యాద చేయిస్తున్నాడు పెద్దాయన అనుకున్నాం. ఆ మర్యాదకి కూడా చాలా రూల్సు ఉండేవి. కాలు ఎత్తకూడదు, ఈడ్చాలి. ఒకరు నడిచిన చోట ఇంకొకరు నడవకూడదు, జానెడు పక్కన నడవాలి. ఎవరైనా కాలు ఎత్తితే వెనకనుంచి కేక వినబడేది.

"డాక్టరు గారూ! పెళ్ళి ఊరేగింపు కాదండీ అది! ఈడ్చండి, ఈడ్చండి!"

ఇంతా చేసి అటు చివరికి వెళ్ళాక, సైకిళ్ళు ఇటు చివర ఉన్నాయని ఆయనకి గుర్తొచ్చేది. "అయ్యో, మర్చేపోయా," అనేవారు ఎంతో బాధగా. మళ్ళీ అందరం ధాన్యంలోంచే వెనక్కి. ప్రతి ఆదివారం మర్చిపోయేవారు. ప్రతిసారీ అంతే బాధపడేవారు.

పోనీ ఒక్కచోటా అంటే కాదు. ధాన్యం లేని రోడ్డు ఈ జిల్లాలో లేనట్టే తిప్పేవారు. ఆ ఆదివారం నాలుగు చోట్ల దింపారు. ఘంటసాల చేరేసరికి పదకొండు దాటింది. పెసరట్లు అయిపోయాయి. గోవర్ధనరావు గారి కాలి వేళ్ళ మధ్య గింజలు గుచ్చుకున్నాయి. "ఈయనకి అసలు దారి తెలుసా?" అన్నారాయన. నేను ఫోన్లో తిన్నని దారి తీసి చూపించాను. "తెలియదండీ. పామర్రు నుంచి గంటలో వచ్చే దారి ఇదుగో," అన్నాను. పంక్చర్లు వేసేవాడి మాటకి అందరూ తలలూపడం అదే మొదటిసారి. నాకు బాగుంది. ఆ బాగుండటం గురించి తర్వాత చాలా సిగ్గుపడ్డాను.

"వచ్చేవారం నుంచి అబ్బాయి ముందు నడుస్తాడు, మీరు విశ్రాంతి తీసుకోండి," అన్నారు గోవర్ధనరావు గారు.

"నాకు ఆదివారం తప్ప వేరే పనేం లేదండీ," అన్నారు కనకరత్నం గారు. చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయారు.

తర్వాతి వారం హైవే మీద తీసుకెళ్ళాను. లారీ హారన్లకి నిస్సీ రెండుసార్లు రోడ్డు దిగిపోయింది. పెసరట్లు మాత్రం దొరికాయి. ఆపై వారం అందరూ గట్టుదారే కావాలన్నారు. మొవ్వ దాటాక నా తిన్నని దారిలోనే సగం రోడ్డు నిండా ధాన్యం కనబడింది.

"దిగక్కర్లేదు, పక్కనుంచి పోనివ్వండి!" అని అరిచాను.

వెనక్కి చూస్తే నా వెనక ఎవరూ లేరు. ఇరవై రెండు మందీ సైకిళ్ళు దిగి, బూట్లు విప్పి, జానెడు జానెడు దూరంలో వరసగా నిలబడి ఉన్నారు. అందరికంటే ముందు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి గోవర్ధనరావు గారు.

"అలవాటైపోయిందయ్యా," అన్నారాయన నా మొహం చూసి.

అందరూ ఈడ్చుకుంటూ అటు చివరికి వచ్చారు. అక్కడ గోనెపట్టా మీద కాళ్ళు చాపుకుని ఓ పెద్దావిడ కూర్చుని ఉంది. పేరు ఆనందమ్మ అట. ఎకరన్నర కౌలు. మోకాళ్ళు వాచిపోయి ఉన్నాయి. మమ్మల్ని చూడగానే ఆవిడ మొహం జాలితో నిండిపోయింది.

"ఇంకా తగ్గలేదా నాయనా మీకు?" అంది.

"ఏంటమ్మా తగ్గేది?"

"షుగరు. ఆరబోసిన ధాన్యంలో ఒట్టి కాళ్ళతో ఈడ్చుకుంటూ నడిస్తేగానీ దిగదని పెద్దాసుపత్రిలో చెప్పారటగా? రత్నం బతిమాలాడు, కాదనకు ఆనందమ్మా, పాపం చదువుకున్నోళ్ళు అని. సరే నడవనీ అన్నాను. ఇంత చిన్నపిల్లకి కూడానా?" అని నిస్సీ వైపు చూసి నిట్టూర్చింది. "మీ అందరి కోసం ప్రార్థన చేస్తన్నానమ్మా."

నేను వెనక్కి తిరిగి రోడ్డు చూశాను. ఇరవై రెండు మంది కాళ్ళకింద ధాన్యం చాళ్ళుచాళ్ళుగా తిరగబడి, అడుగున ఉన్న పచ్చి గింజ పైకొచ్చి ఎండలో పడి ఉంది. ధాన్యం అలాగే ఆరుతుందని, గంటకోసారి ఎవరో ఒకరు కాళ్ళతో తిరగెయ్యాలని, పల్లెలో పసివాడికి కూడా తెలుసు. ఊరి గ్రంథాలయంలో సగం బీరువాలు చదివిన నాకు తెలియదు. గుడివాడ బజార్లో పెరిగిన ఇరవై రెండు మందికీ తెలియదు.

"పోయిన వారం మీరు రాలేదు. రత్నం ఒక్కడే వచ్చాడు. తనక్కూడా షుగరు వచ్చిందంట. పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా ఈడ్చాడు. మొత్తం ఈ వరసంతా. తేమ ఎక్కువుంటే మిల్లు వాళ్ళు వెనక్కి పంపేస్తారు కదా, ఎట్టాగో ఏమో అనుకున్నా. దేవుడి దయవల్ల అప్పుడు ఆరిన పాతిక బస్తాలూ తీసుకున్నారు. ఇది మిగతాది."

"కూలికి ఎవర్నైనా పెట్టుకోవచ్చు కదమ్మా?"

"కూలి డబ్బులు ఎక్కణ్ణుంచి తెస్తాను? ఊరికే చేస్తామని వచ్చేవాళ్ళుంటారు, ఎవరికని రుణపడి ఉండాలి నేను?" అంది ఆవిడ. ఆ గొంతులో మాత్రం జాలి లేదు.

అందరూ నా వైపు చూశారు. చెప్పాలా వద్దా తెలియలేదు. నిస్సీ ముందుకొచ్చి ఆవిడ పక్కన కూర్చుంది. "చాలా తగ్గిందండీ. ఇంకో నాలుగు వారాలు నడిస్తే పూర్తిగా పోతుందన్నారు," అంది. గోవర్ధనరావు గారు గొంతు సవరించుకుని, "అయ్యో, సైకిళ్ళు అటు ఉండిపోయాయే," అన్నారు.

ఆ సాయంత్రం కనకరత్నం గారి ఇంటికి వెళ్ళాను. కాళ్ళు రెండూ వేడినీళ్ళ బకెట్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుని ఉన్నారు.

"తప్పయిపోయింది బాబాయ్. వచ్చే ఆదివారం మీరే ముందుండాలి. అందరూ అదే అంటున్నారు."

ఆయన ఆ మాట పట్టించుకోలేదు. "ఆనందమ్మకి నిజం చెప్పేశారా?" అన్నారు కంగారుగా.

"లేదు. షుగరు తగ్గుతోందని చెప్పింది నిస్సీ."

"పూర్తిగా తగ్గిందని చెప్పలేదుగా?"

"లేదు."

"అమ్మయ్య," అని కాళ్ళు బకెట్లోంచి తీసి తుడుచుకున్నారు. కాసేపు ఏదో లెక్క కట్టారు. నేను లేచాను. మెట్లు దిగుతుంటే వెనక్కి పిలిచారు.

"అబ్బాయ్, ఫిబ్రవరి చివర్లో మినుం పీకుతారు. చెట్లు తెచ్చి రోడ్డు మీద పరుస్తారు, బళ్ళు ఎక్కి తొక్కితే గింజ రాలుతుంది. దానికి మాత్రం ఎవరూ దిగక్కర్లేదు. కాకపోతే సైకిలు బరువు చాలదు. నీకు తెలిసినవాళ్ళలో తొంభై కేజీలకి తగ్గనివాళ్ళు ఓ పదిమంది ఉంటే ఇప్పట్నుంచే మాట్లాడి పెట్టు."