అంకారావు పాతిన బకెట్టు

రొంపిచెర్ల చుట్టుపక్కల అతన్ని ఇంటర్నేషనల్ అంకారావు అంటారు. విమానం ఎక్కి ఎరగడు. నాటుబాంబులు చుట్టడానికి కృష్ణ దాటి అవతలికీ, కర్నూలు వైపుకీ పిలిపించుకునేవారు. మా ఊరికి ఆమాత్రం చాలు. కిరాయి ఎవరిస్తే వాళ్ళకి చుట్టేవాడు. ఒకే ఊళ్ళో రెండు వర్గాలకీ చుట్టాడు. పొద్దున ఒకరింట్లో టిఫిను, సాయంత్రం రెండోవారింట్లో కోడికూర.

నేను జావీద్‌ని, ట్రాక్టరు తోలుకుని బతికేవాడిని. నా చిన్నతనంలో అతను బుల్లెట్ మీద బజార్న పోతుంటే అరుగుల మీదున్నవాళ్ళంతా లేచి నిలబడేవాళ్ళం. ఆ బాంబులకి మా వీధిలోనే ఒకడి కాలు పోతే, సాక్ష్యమడుగుతారని మేమెవరం వాడి గుమ్మం తొక్కలేదు. ఇప్పుడు తల్చుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

బాంబుని కాయ అనేవాళ్ళు. "నా కాయ వానకి తడవదు, ఏళ్ళు గడిచినా చావదు" అని మీసం తిప్పేవాడు అంకారావు. మిగిలిన కాయల్ని ప్లాస్టిక్ బకెట్లో పెట్టి పొలాల్లో పాతేవాడు. ఎక్కడ పాతాడో పని చేయించుకున్న పెద్దమనిషికి కూడా చెప్పడు. చెబితే అవతలి వర్గానికి పొక్కుతుందని, అది ఆ పనిలో కట్టుబాటు. ఒక ఎన్నికలప్పుడు మా ఊరి ధనమ్మ చేలో హద్దుకి నాటిన గట్టురాయి పక్కన అలాగే ఒక బకెట్టు పాతాడు. అది ధనమ్మకి కూడా తెలీదు.

ఆ తర్వాత ఒక కాయ చేతిలోనే పేలింది. కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది, వెంటనే జైలు. తిరిగొచ్చేసరికి రెండు వర్గాల పెద్దలూ వియ్యమందుకుని ఒకే జెండా కింద కూర్చున్నారు. ఏరు దాటి తెప్ప తగలేసినట్టు ఇతన్ని గడప తొక్కనివ్వలేదు.

బకెట్టు తీసేద్దామని చేలోకి పోయాడు. రాయి ఉంది. దాని పక్కన ఒంటిచేత్తో తవ్వితే ఏమీ లేదు. పల్నాట్లో గట్టురాయిని గుర్తు పెట్టుకునేవాడిని ఏమనాలి? ఇక్కడ రాళ్ళకి కాళ్ళుంటాయి. మొగుడు పోయిన ఏడే ధనమ్మ మరుదులు ఆ రాయిని ఆమె చేలోకి జరిపారు. ఆమె పంచాయితీ పెడితే మళ్ళీ జరిగింది. మధ్యలో గట్టు చెరిపి నేల చదును చేశారు. మొదట రాయి ఎక్కడుండేదో ఇప్పుడు ఒక్కరూ చెప్పలేరు.

అంకారావుకి నిద్ర కరువైంది. నడుస్తూ నడుస్తూ కాలికింద మెత్తగా తగిలితే చాలు, పట్టపగలు నడిబజార్లో కొయ్యబారిపోయేవాడు. చివరికి తనే స్టేషనుకు పోయి చెప్పాడు. పోలీసులు కుక్కనీ, బాంబులు పట్టే మిషన్నీ తెచ్చి చేనంతా వెతికారు. దొరకలేదు. చెయ్యితో పాటు మతి కూడా పోయిందని నవ్వి పంపేశారు.

ధనమ్మకి ఆ చేను తప్ప వేరే ఆధారం లేదు. ఇన్నాళ్ళూ పైపైన దున్నించి పత్తి వేసేది. ఈ ఏడు మిరప వేస్తానని లోతు దుక్కి కావాలంది. నేను తోలాలి. భయం లేదంటే అబద్ధం.

ట్రాక్టరు దించేసరికి అంకారావు చెప్పుల్లేకుండా చేలో ఉన్నాడు. ఎడమచేతిలో గడ్డపలుగు.

"జరుగు మావా," అన్నాను.

"ఆగరా. నే ముందు గుచ్చుకుంటా పోతా. నే దాటిన కాడికే నువ్వు తోలు."

"గుచ్చితే పేలదా ఏంది?"

"పేలితే నాకు పేలాలి. నీకు గాదు."

గట్టు మీదున్న ధనమ్మ కంగారుగా చేలోకి దిగింది. ఇతన్ని తిట్టాల్సిన మనిషి, జాలిపడింది. "ఎందుకన్నయ్యా ఈ చావు? పాతి చానా ఏళ్ళాయె. ఎన్ని వానలు పడ్డయ్, ఎన్ని తడులు పెట్టా! ఈపాటికి నాని చచ్చిపోయుంటయ్ లే."

ఆ మాట నిజమైతే బాగుండునని నాకూ ఆశ పుట్టింది. అంకారావు తల అడ్డంగా ఊపాడు. అతను ఏడవడం నేను అప్పుడే చూశాను.

"అయ్యి నే చుట్టినయ్యమ్మా," అన్నాడు. "చావవు."

కళ్ళు తుడుచుకోకుండానే గడ్డపలుగు ఎత్తి భూమిలో గుచ్చాడు.