అధ్యక్షులవారి మనవరాలు

నేను బాస్కెట్‌బాల్ ఆడి బతికాను. ఈ మాట ఏలూరులో ఎవరికి చెప్పినా వెంటనే వచ్చే ప్రశ్న ఒకటే, ఉద్యోగం ఏం చేసేవారండీ అని. ఆటే ఉద్యోగమని చెబితే మర్యాదగా తల ఊపి, నా ఎత్తుకేసి ఒకసారి చూసి, మా ఆయన ఏం చేసేవారో అడుగుతారు. పెళ్ళి చేసుకోలేదంటే మాత్రం అంతా అర్థమైపోయినట్టు ఊరుకుంటారు.

మాది కొల్లేటి లంకల్లో ఒక ఊరు. మా నాన్న దోనె మీద తిరిగి వలలు వేసేవాడు. చిన్న వయసులోనే నేను ఆయన్ని మించి పెరిగిపోయాను. మా ఊరి ఆడవాళ్ళు దాన్నొక జబ్బులాగా మాట్లాడుకునేవారు. ఏ నాటు వైద్యమైనా చేయించకపోయారా అని మా అమ్మను అడిగినవాళ్ళు కూడా ఉన్నారు. చదువుకోసం నన్ను ఏలూరులో మిషన్ హాస్టల్లో వేశారు. అక్కడి డ్రిల్లు టీచరు నన్ను చూసి జాలిపడలేదు, మురిసిపోనూ లేదు. బంతి చేతికిచ్చి, "ఎత్తు దేవుడిచ్చాడు, అందులో నీ గొప్ప ఏం లేదు. కాళ్ళు కదుపు" అంది. నా జీవితంలో ఆట గురించి నాకు ఎవరైనా చెప్పిన పనికొచ్చే మాట అదొక్కటే. తర్వాత వచ్చిన కోచ్‌లందరూ జీతాలు తీసుకుని అంతకంటే తక్కువ చెప్పారు.

మా కోర్టు మట్టిది. రింగుకి వల లేదు కాబట్టి బంతి పడిందో పక్కనుంచి పోయిందో తేల్చుకోవడానికే సగం సాయంత్రం పోయేది. అలా ఆడి ఆడి ఒక వేసవిలో తాడేపల్లిగూడెంలో రాష్ట్ర జట్టుకి సెలెక్షన్స్ అంటే వెళ్ళాం.

ఇప్పటి అధ్యక్షులవారిని నేను మొదట చూసింది అక్కడే. అప్పుడు ఆయన రాష్ట్ర బాస్కెట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. ఇస్త్రీ బట్టలు, నల్ల కళ్ళజోడు, ఎండ తగలకుండా వెనకాల గొడుగు పట్టుకుని ఒక మనిషి. ఆయన బంతిని ఎప్పుడూ ముట్టుకుని ఉండరు, దుమ్ము అంటుతుంది కదా. కొల్లేట్లోకి గట్లు వేసుకుంటూ పోయి చేపల చెరువులు తవ్వించిన కుటుంబం వాళ్ళది. సరస్సునే తమదనుకున్నవాళ్ళకి ఒక ఆడపిల్లల జట్టు ఏపాటిది? ఆ రోజంతా కోర్టులో నా దగ్గర్నుంచి బంతి లాక్కోగలిగిన పిల్ల ఒక్కతి కూడా లేదు. సాయంత్రం పేర్లు చదివితే నా పేరు లేదు. నా స్థానంలో తణుకు వ్యాపారస్థుడి కూతురు ఉంది. ఆ పిల్ల బంతిని కొడుతోందో, బంతే ఆ పిల్లని తిప్పుతోందో చూసేవాళ్ళకి తెలిసేది కాదు.

మా టీచరు వెళ్ళి అడిగింది. నేను ఆమె వెనకాలే నిలబడి ఉన్నాను. ఆయన గొంతైనా తగ్గించలేదు. "హైటుంది గానీ టీచర్‌గారూ, లంకల పిల్లలు కదండీ. బస్సులో చేపల వాసనొస్తుందని మిగతా పేరెంట్సు ఇబ్బంది పడుతున్నారండి." చేపల మీద కోట్లు సంపాదించిన ఇంటి మనిషి అన్న మాట అది.

అలాంటివాళ్ళకి జవాబు చెప్పడం కూడా మా టీచరుకి వృథా అనిపించి ఉంటుంది. మరుసటి వారం నన్ను మద్రాసు రైలెక్కించింది. అక్కడ ఒక పెద్ద ప్రభుత్వ సంస్థ ఆడవాళ్ళ జట్టు కడుతోంది. వాళ్ళు నన్ను ఒక పూట ఆడించి, మధ్యాహ్నానికి తీసుకున్నారు. నా వాసన గురించి ఎవరూ అడగలేదు.

ఆ సంస్థని మెచ్చుకుంటున్నానని అనుకోకండి. అక్కడి అధికారులకి ఆటంటే ఫోటో. కప్పు వచ్చిన రోజు మా మధ్యలో దూరి నవ్వేవారు, ఓడిన రోజు కారిడార్‌లో ఎదురైతే గోడకేసి చూసేవారు. పొద్దున్న ఆఫీసులో సంతకం పెట్టి ప్రాక్టీసుకి పోతుంటే, మా సెక్షన్ గుమాస్తాలు "ఎగరడానికి జీతం" అని వినబడేట్టు అనుకునేవారు. వాళ్ళు కూర్చోవడానికి తీసుకునే జీతం సంగతి నేను ఎప్పుడూ ఎత్తలేదు. ఏళ్ళ తరబడి అలా ఆడాను. దేశంలో నేను చూడని స్టేడియం లేదు, స్టేడియం తప్ప చూసిన ఊరూ లేదు. ఒక ఫైనల్‌కి ముందు నా కుడి మోకాలు వాచి బిగుసుకుపోయింది. మేనేజరుగారు డాక్టర్ని పిలిపించి సూది వేయించి, ఈ ఒక్క మ్యాచ్ ఆడేసి రెస్టు తీసుకోమ్మా అన్నారు. ఆడాను, గెలిచాం. రెస్టు మాత్రం శాశ్వతంగా దొరికింది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా తపాలా సెక్షన్‌లో కూర్చున్నాను. అక్కడి మేజాబల్ల కింద నా కాళ్ళు పట్టేవి కావు.

రిటైరై ఏలూరు వచ్చి స్థిరపడ్డాక, ఒకరోజు ఫోను వచ్చింది. ఆనాటి కార్యదర్శిగారే. ఇప్పుడు అధ్యక్షులవారు. తాడేపల్లిగూడెంలో జూనియర్ అమ్మాయిల సెలెక్షన్స్ పెడుతున్నామని, నాకు సన్మానం చేస్తామని, సెలెక్షన్ కమిటీకి నన్నే పెద్దగా ఉండమని అడిగారు. నా పేరుంటే సెలెక్షన్స్‌కి విలువొస్తుందట. ఆ మాటొక్కటి నిజమే. ఒప్పుకున్నాను. ఆ మొహాన్ని ఒకసారి దగ్గర్నుంచి చూడాలనిపించింది, అంతకంటే గొప్ప కారణం లేదు.

వేదిక మీద ఆయన మైకు పుచ్చుకుని, కొల్లేటి ముత్యాన్ని మొట్టమొదట గుర్తించింది తానేనని చెప్పారు. జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టడానికి మా వైపు ఎవరికీ కారణం అక్కర్లేదు. తర్వాత శాలువా కప్పడానికి వచ్చారు. నా భుజాలు ఆయనకి అందవు. వంగుతానని కాసేపు చూశారు. నేను వంగలేదు. మునివేళ్ళ మీద లేచారు, శాలువా నా మోచేతి దగ్గరే ఆగింది. చివరికి ఫోటోగ్రాఫరు కుర్చీ తెచ్చి వేస్తే, ఇద్దరు రెక్కలు పట్టుకుంటే, అధ్యక్షులవారు కుర్చీ ఎక్కి కప్పారు. చాలా ఏళ్ళ తర్వాత నాకు ఆట ఆడినంత హాయిగా అనిపించింది.

టీ దగ్గర ఆయన పక్కకి వచ్చి నీలం టీషర్టు పిల్లని చూపించారు. "మా మనవరాలండి. కొంచెం మీరే చూసుకోవాలండి." నేను అలాగేనండీ అన్నాను. మా వైపు వాళ్ళం కత్తి దించేటప్పుడు కూడా అండీ మానం. ఆ పిల్లని ఎలా తీసెయ్యాలో అక్కడే నిర్ణయించేసుకున్నాను.

ఆట మొదలైంది. నీలం టీషర్టు మొదటి బంతి అందుకోగానే నాకు విషయం అర్థమైంది. ఆ పిల్లకి ఆట వచ్చు. బంతి వైపు చూడదు, ఎవరు ఎక్కడ ఖాళీగా ఉన్నారో చూస్తుంది. తనకి సులువుగా పడే బంతిని కూడా ఇంకా సులువుగా పడే పిల్లకి అందిస్తుంది. కిందపడితే తాతగారి వైపు చూడకుండా లేస్తుంది. సాయంత్రం దాకా తప్పు కోసం వెతికాను. పక్కనున్న కమిటీ సభ్యులు ఆ శ్రమ కూడా పడలేదు. సార్ మనవరాలు కదండీ, ఇంక చూసేదేముందండీ అని ఆట మొదలవకముందే టిక్కు పెట్టి, మిక్చర్ తింటున్నారు. తాతగారేమో షామియానా కింద కోర్టుకి వీపు పెట్టి కూర్చుని, చెరువుల్లో మేత గురించి ఫోనులో ఎవర్నో తిడుతున్నారు. ఆయన ఒక్క బంతి కూడా చూడలేదు.

ఆ పిల్ల పేరు నేనే మొదట చదివాను. చదువుతుంటే నోరు చేదెక్కింది.

ఆయన రెండు చేతులూ జోడించి వచ్చారు. మాట నిలబెట్టారండీ అన్నారు.

"నేను మీకు మాటేం ఇవ్వలేదండి. మీ మనవరాలు అందరికంటే బాగా ఆడింది. మీరే చూడలేదు."

ఆయన నవ్వి, అదంతా మీ పెద్ద మనసండి అన్నారు. ఇంకోసారి చెప్పాను. ఇంకా వినయంగా నవ్వారు. సొంత ఇంట్లో పుట్టిన ఆటని కూడా ఆయన సిఫార్సుగానే చూడగలరు, వేరేగా చూసే కళ్ళు ఆయనకి లేవు. ఆయన్ని ద్వేషించడం కూడా నా స్థాయికి తక్కువని అప్పుడనిపించింది.

నేను గేటు దగ్గర ఆటో కోసం నిలబడితే, ఆ పిల్ల పరుగున వచ్చింది. చెమట ఇంకా ఆరలేదు.

"తాతగారు చెప్పారనే తీసుకున్నారాండీ?"

కళ్ళలో నీళ్ళు లేవు. జవాబు ఏదైనా తట్టుకుందామని సిద్ధపడి వచ్చినట్టుంది.

"మీ తాతగారు చెప్పకపోతే ఇంకా సులువుగా తీసుకునేదాన్ని" అన్నాను. "ఆయన చెప్పాక నిన్ను తీసుకోకుండా ఉండటానికి రోజంతా చూశాను. నువ్వు వీలివ్వలేదు."

నమ్మిందో లేదో తెలియదు. థాంక్యూ మేడమ్ అని వెళ్ళిపోయింది. ఆ అనుమానం ఆ పిల్లని చాలాకాలం వదలదు. తాతలు ఇచ్చే ఆస్తుల్లో అదీ ఒకటి.

రాష్ట్ర జట్టు తరఫున ఆ పిల్ల బాగా ఆడిందని పేపర్లో వచ్చింది. ఫోటోలో అధ్యక్షులవారు మధ్యలో ఉన్నారు, జట్టు అటూ ఇటూ సర్దుకుని నిలబడింది. మ్యాచ్‌లకి రావద్దని ఆయన్ని బతిమాలుకుందట, అయినా వచ్చారట. ఈ సంగతి తనే చెప్పింది. ఇప్పుడు ఆదివారాలు ఏలూరు వస్తోంది, ఇంట్లో కార్లుండగా బస్సులో. నేను రమ్మనలేదు, వద్దనీ అనలేదు. దగ్గర్లోని కాలేజీ కోర్టుకి తీసుకెళ్ళి, మోకాలికి పట్టీ కట్టుకుని, అంచున కుర్చీ వేసుకుని కూర్చుంటాను. కుడిచేత్తో ఎంత దూరం నుంచైనా వేస్తుంది, ఎడమచెయ్యి మాత్రం ఇంకా చచ్చుగా ఉంది.

మొన్న బంతి కొడుతూనే, తాతగారికి మీరంటే చాలా గౌరవమండీ అంది.

ఎడమచేత్తో వెయ్యి అన్నాను.