ఖాదర్ చిచ్చా కొనని మ్యాట్

కొత్త రబ్బరు ఎండకు వేడెక్కితే వచ్చే వాసన నాకు అస్సలు పడదు. మొన్న కరీంనగర్‌లో బండ్ల సామాన్లు అమ్మే ఒక దుకాణం ముందు పికప్ మ్యాట్‌లను చుట్టలు చుట్టి గోడకు నిలబెట్టారు. వాటి పక్కన రెండు నిమిషాలు నిల్చున్నానో లేదో ఆ వాసన గొంతులోకి దిగింది. నేను వచ్చింది అరగంట పని మీద. కొత్తగా కొన్న నా పికప్ వెనక ట్రాలీలో రేకు పాడవకుండా పరవడానికి ఏదో ఒకటి తీసుకుని పోదామని. బండిలో మా బాపు కూర్చుని ఉన్నాడు, ఎండకు చిరాకు పడుతూ. దుకాణదారు మూడు రకాలు తెచ్చి కింద పరిచాడు. నేను జేబులోంచి దస్తీ తీసి, సీసాలో నీళ్లతో తడిపి, మొదటి మ్యాట్ మీద వేసి దాని మీదికెక్కి నిలబడ్డాను. దుకాణదారు నన్ను ఒక చూపు చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. పన్నెండేళ్ల కింద మూడు నెలల పాటు నేను ఖాదర్ చిచ్చాను అచ్చం అట్లాగే చూశాను.

ఖాదర్ చిచ్చా నా మొదటి యజమాని, చివరి యజమాని కూడా. మాది సిరిసిల్ల. మా ఇంట్లో రెండు మరమగ్గాలు, మా దిక్కు వాటిని సాంచాలంటారు. కరీంనగర్ సేటు ఒకాయన నూలు చుట్టిన బీములు ఇస్తే బాపు తెల్లబట్ట నేసి ఇచ్చేవాడు. ఆ బీములు తెచ్చేది, నేసిన తాన్లు తిరిగి సేటుకు చేర్చేది చిచ్చా పికప్. ఆయనకూ బాపుకూ ఇరవై ఏళ్ల దోస్తీ. రోజూ నాలుగింటికి మూల మీది హోటల్లో ఒక్క చాయ్ చెప్పి ఇద్దరూ చెరిసగం తాగేవాళ్లు. ఇద్దరికీ చెరొకటి తాగే స్తోమత లేక కాదు, అదొక అలవాటు. చిచ్చాకు మోకాళ్లు పట్టేసినాక బండి నడపడానికి నన్ను పెట్టుకున్నాడు. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. సాంచాల చప్పుడు పడక, ఏ పనిలోనూ నిలవక, ఇంట్లో రోజూ బాపుతో గొడవ. స్టీరింగ్ చేతికొచ్చాక మొదటిసారి బాపు నలుగురిలో "మావోడు నిలబడ్డడు" అన్నాడని అవ్వ చెప్పింది. ఆ మాట నాకు ఎంత ముఖ్యమో అప్పుడు నాకే తెలియదు.

ఇక మ్యాట్ సంగతి. బీముల ఇనుప చక్రాలు గుద్దుకుని ట్రాలీ అడుగు రేకంతా సొట్టలు పడింది, రంగు లేచిపోయి అక్కడక్కడా తుప్పు. గోనెసంచులు, వాటి మీద తార్పాలిన్ పరిచి నెట్టుకొస్తున్నాం. వానాకాలం వచ్చేలోపు మంచి మ్యాట్ వేద్దామన్నది నేనే. చిచ్చా వెంటనే ఒప్పుకున్నాడు. అట్లా ఒప్పుకున్నందుకే నేను మోసపోయాను. కరీంనగర్‌లో ఆరు దుకాణాలు తిరిగాం. ప్రతి దుకాణంలోనూ అదే తంతు. తెల్ల దస్తీ తడపడం, మ్యాట్ మీద వెయ్యడం, మోకాళ్లు పట్టుకుని మూలుగుతూ దాని మీద నిలబడటం, దిగి దస్తీని వెలుతురుకు ఎత్తి చూడటం. తెల్లబట్ట మోసే బండి కాబట్టి తెల్లబట్టనే అడగాలట. నల్ల రబ్బరు రంగు దిగితే ఒద్దు. రంగు దిగకపోతే ట్రాలీలో పరిపించి చెంబెడు నీళ్లు పోసేవాడు. పోసి, ట్రాలీ వెనక తలుపు, అదే డాల మీద కూర్చుని, నీళ్లు ఎటు పోతున్నాయో చూసేవాడు. బయట నాకేమో కిరాయి బేరం పోతోందని కాళ్లు కాలుతుండేవి.

"చిచ్చా, మ్యాట్ కొంటున్నవా, పిల్లను చూస్తున్నవా?" అన్నానొకసారి.

"జర ఆగు బేటా. నీళ్లు ఆగిన కాడనే తుప్పు పుడ్తది. అవి ఆగే జాగ చూసినంక కొందాం."

"గీ లెక్కన చలికాలం వస్తది."

"రానియ్. చలికాలంల తుప్పు తక్కువ."

ప్లాస్టిక్ తొట్టిలాంటి లైనర్ చూపిస్తే తాన్లు జారుతాయన్నాడు. అల్యూమినియం రేకు చూపిస్తే అంచు తగిలి బట్ట చినుగుతుందన్నాడు. లక్సెట్టిపేటలో లోడు దించి వస్తూ వెల్డింగ్ షెడ్డు కనపడితే చాలు, బండి ఆపమనేవాడు. ఇచ్చోడలో ఎవరో ఆదిలాబాద్‌లో రబ్బరు రంగు కొట్టేవాడున్నాడని చెబితే, తిరుగు బేరం వదులుకుని అక్కడికీ తీసుకుపోయాడు. ఆ మనిషి పాపం గంటసేపు ఓపిగ్గా చెప్పాడు. ఒక్కసారి కొడితే రేకుకు పట్టేస్తుందని, ఇక జన్మలో చూసుకోనక్కర్లేదని.

"మరి గిది లేస్తదా?" అని అడిగాడు చిచ్చా.

"లేవది చిచ్చా. గారంటీ."

"లేవకుంటే కింద ఏం అయితుందో నాకెట్ల ఎరుక? నాకు ఎత్తి చూసేది గావాలె."

ఆ మనిషి నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా నేను ఒక్క మాట మాట్లాడలేదు. చిచ్చాకు అది కోపమని కూడా తోచలేదు, హాయిగా నిద్రపోయాడు. సాయంత్రం హోటల్లో బాపు ముందు ఈ కథంతా చెబుతుంటే బాపు నవ్వి నవ్వి చాయ్ ఒలకబోసుకున్నాడు. "ఖాదర్ భాయ్, నీ బండి ముసల్దయి పోతది గని నీ మ్యాట్ రాది" అన్నాడు.

జూన్‌లో చిచ్చా నిజామాబాద్‌కు మేనకోడలి పెళ్లికి పోయాడు, నాలుగు రోజులు. మబ్బు పడుతోంది. నేను ఇక ఆగలేకపోయాను. అన్నింటికన్నా మందమైన రబ్బరు మ్యాట్ ఒకటి తెచ్చి, సొల్యూషన్ రాసి, చుట్టూ అంచులు చీమ కూడా దూరకుండా అంటించేశాను. పని చూసుకుని నాకే ముచ్చటేసింది. మూడు నెలలు ఈయనకు తెగనిది నేను ఒక్క పూటలో తెంపాను కదా అని. చిచ్చా వచ్చి, ట్రాలీ అంచు వెంట గోరు పెట్టి చూశాడు.

"లేస్తదా?"

"లేవది. నీళ్లు పోవు గద కిందికి."

ఆయన గోరు వెనక్కి తీసి, "మంచిది. చూద్దాం" అన్నాడు. నాకు ఇప్పటికీ కోపం వచ్చేది ఆ మాట మీదే. పీకెయ్‌రా అని ఒక్కసారి గట్టిగా అంటే తిట్టుకుంటూ అయినా పీకేసేవాణ్ణి. ఆయన అనలేదు. నా పనిని నా ముందే చెడగొట్టడం ఆయనకు ఇష్టం లేకపోయింది కావచ్చు.

రెండు నెలల వానలు పడ్డాయి. ఆగస్టులో బాపు నేసిన తాన్లు ఎక్కించుకుని ఒక్కణ్ణే కరీంనగర్ బయల్దేరాను. బాపు రెండు సాంచాల మధ్య నిలబడి, అవ్వ కండెలు చుట్టి, నెలన్నర చేసిన పని అది. పైన ఖాళీ బీములు రెండు వేశాను. సేటు గోదాములో తార్పాలిన్ తీసేసరికి నా పై ప్రాణం పైనే పోయింది. అడుగు వరస తాన్లన్నింటికీ అంచు పొడుగునా ఇటుక రంగు మరకలు. పైనుంచి చుక్క కూడా దిగలేదు. రేకుకున్న బోల్టు రంధ్రాల్లోంచి, బండి చక్రాలు చిమ్మిన నీళ్లు కిందినుంచి ఎక్కాయి. ఎక్కినవి బయటికి పోయే దారి లేక మ్యాట్ కింద నిలవుండిపోయాయి. గుంతల్లో బండి ఎగిరినప్పుడల్లా బీముల బరువుకు ఆ తుప్పునీళ్లు అంచు పగిలి పైకి చిమ్మాయి. సేటు తాన్లను ముట్టుకోలేదు. "మీ బాపుకు చెప్పు, ఇగ బీములు రావు" అని మాత్రం అన్నాడు. బీములు రాకపోతే మా సాంచాలు ఆగిపోతాయి. మా ఇంట్లో ఇంకో పని తెలిసినవాళ్లు లేరు.

లోడుతోనే తిరిగొచ్చాను. చిచ్చా తన ఇంటి ముందు తాన్లన్నీ దింపించి, కత్తితో మ్యాట్ అంచు కోసి ఎత్తాడు. కింద రేకు పొలుసులు పొలుసులుగా లేచి ఉంది. అంతలో ఎవరో చెబితే బాపు వచ్చాడు. తాన్లు చూశాడు, రేకు చూశాడు.

"ఎవలు అంటించిండ్రు దీన్ని?"

నేను నోరు తెరిచాను. నిజంగానే తెరిచాను. కానీ నాకన్నా ముందు చిచ్చా అన్నాడు, "నేనే అంటించిన రాజేశం. తప్పు నాది."

బాపు నా వైపు చూశాడు. నేను నేల చూశాను. అప్పటికీ సమయం ఉంది. "కాదు బాపు" అనడానికి ఎంతసేపు పడుతుంది? నేను అనలేదు. బాపు నలుగురిలో అన్న ఆ ఒక్క మాట పోతుందని భయపడ్డాను. "ఇరవై ఏండ్ల సంది నీ బండి తప్ప ఇంకో బండి ఎరుగ ఖాదర్ భాయ్" అని బాపు వెళ్లిపోయాడు. మర్నాడు నాలుగింటికి హోటల్‌కు రాలేదు. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు.

అక్కణ్ణించి మూడు రోజులు చిచ్చా, నేను ఆయన వాకిట్లో నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో మరకలు ఉతికాం. చేతులు తెల్లగా పాలిపోయి, మంటలెత్తాయి. తాన్లు ఆరాక ఆయనే మోకాళ్ల నొప్పితో సేటు గోదాము మెట్ల మీద పొద్దంతా కూర్చుని, తాన్లు తీసుకునేదాకా, మళ్లీ బీములు ఇస్తాననేదాకా లేవలేదు. మా సాంచాలు ఆగలేదు. రెండు తాన్ల మరకలు మాత్రం ఎంత ఉతికినా పోలేదు. వాటిని ఆయన ఏం చేశాడనుకున్నారు? లాల్చీలు కుట్టించుకున్నాడు! ఛాతీ మీద ఇటుక రంగు మరకతో, జుమ్మాకు, పెళ్లిళ్లకు, బజారుకు, అన్నింటికీ అవే. ఎవరైనా అడిగితే "డిజైన్" అనేవాడు. పక్కన నడుస్తూ నేను సిగ్గుతో చచ్చేవాణ్ణి. నన్ను సాధించడానికే వేసుకుంటున్నాడని ఏడాదిపాటు అనుకున్నాను. అదేం కాదు, బట్ట మంచిదని వేసుకున్నాడు. మా బాపు నేసిన బట్ట.

ఒకసారి ఉండబట్టలేక, "చిచ్చా, బాపుకు చెప్పేస్త" అన్నాను.

"చెప్తె చెప్పు. నన్నేంది అడుగుడు?"

"చెప్పమంటవా, ఒద్దంటవా? గదన్న చెప్పు."

"నేను అంటించిన అన్న గద. ఇగ లేపుడు నీ పని."

ఏం మనిషండీ! ఇటు చెప్పమనడు, అటు వద్దనడు. నేనూ రేపు, మాపు అంటూ పదకొండేళ్లు గడిపాను. బాపు ఆ హోటల్ రాగానే రోడ్డు దాటి అవతలి పక్కనుంచి పోయేవాడు. చిచ్చా నాలుగింటికి ఒక్క చాయ్ చెప్పి, సగం తాగి, సగం గ్లాసులోనే వదిలేసేవాడు.

పోయిన చలికాలంలో చిచ్చా చనిపోయాడు. జనాజాకు బాపు వచ్చాడు. ఎవరూ పిలవకుండానే భుజం పట్టాడు. ఇంటికొచ్చాక నాకు ఆగలేదు. "బాపూ, ఆ మ్యాట్ అంటించింది నేను" అన్నాను. బాపు కాళ్లు కడుక్కుంటున్నాడు. తలెత్తలేదు.

"గది నాకు గప్పుడే ఎరుక."

"ఎట్ల ఎరుక?"

"మూడు నెల్లు తిరిగి ఒక్క మ్యాట్ కొననోడు, లేవని మ్యాట్ అంటిస్తడారా? నువ్వు వచ్చి చెప్తవని చూసిన."

"మరి ఎరుకైతే చిచ్చాతోని ఎందుకు మాట్లాడలే?"

బాపు చెంబు కింద పెట్టాడు. "నా కొడుకు తప్పును నా కాడ దాచిండు. దోస్తు చేసే పనేనా అది?" అన్నాడు. తర్వాత కాళ్లు తుడుచుకుని, "నేనే పోయి అడిగితె అయిపోతుండె" అన్నాడు, అటు తిరిగి.

చెప్పండి, వీళ్లతో ఎట్లా వేగాలి? ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ నేను నోరు విప్పుతానని ఎదురుచూశారు. ఊరంతటికీ ఎత్తి చూడాలి, ఎత్తి చూడాలి అని నూరిపోసిన మనిషి నా తప్పు మీద మాత్రం అంత మందంగా కప్పేశాడు. రేకుకొక న్యాయం, నాకొక న్యాయమా అని ఆయన్ను నిలదీయాలని ఉంది. ఆయన లేడు. అందరికన్నా ఎక్కువ కోపం నా మీదే. ఒక్క మాట చాలు, వాళ్లిద్దరికీ పదకొండేళ్ల చాయ్ మిగిలేది.

నా జేబులోని దస్తీ ఆయన చివరి లాల్చీది. చిచ్చా భార్య, మా చాచీ, చింపి ఇచ్చింది. మూలకు ఇటుక రంగు మరక ఉంది. దుకాణంలో మొదటి మ్యాట్ దాని మీద నల్లగా దిగింది. రెండోది దిగలేదు కానీ నీళ్లు నిలిపింది. మూడోదాన్ని ట్రాలీలో పరిపించి నీళ్లు పోసి డాల మీద కూర్చున్నాను. ముందు నుంచి హారన్ మోగింది, ఒకటి, రెండు, మూడు సార్లు. తర్వాత తలుపు చప్పుడు. బాపు తిట్టుకుంటూ దిగి వెనక్కి వచ్చాడు. నన్ను చూశాడు, నా చేతిలోని దస్తీని చూశాడు.

"లేస్తదా?" అని దుకాణదారును అడిగాడు.

"లేస్తది పెద్దాయనా, అంటించేది కాదు."

బాపు నమ్మలేదు. వంగి, మూల పట్టుకుని తన చేత్తోనే మ్యాట్ ఎత్తి, కిందికి తొంగి చూస్తూ చాలాసేపు అట్లాగే ఉండిపోయాడు. నేను రెండో మూల పట్టుకున్నాను.