గొంతు లేని బీబీ పాట

ఎవరికైనా దయ్యం పట్టిందంటే, ముందు ఆ మనిషి అన్నం తిన్నదా అని అడిగే రకం నేను. మా కడప వైపు పూనకాలు ఎన్నో చూశాను, ఒక్కటీ నమ్మలేదు. ఇది కూడా మిమ్మల్ని నమ్మమనడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

మస్కట్‌లో, అజైబాలోని ఒక ఇంట్లో పనిచేస్తున్నాను. నా డ్యూటీ అంతా ఆ ఇంటి పెద్దావిడతోనే. మనం అవ్వా అన్నట్టు అందరూ ఆవిడను బీబీ అంటారు. ఆవిడ వయసంతా ఆఫ్రికాలో, ఫ్రెంచి మాట్లాడే దేశంలో గడిచింది. అక్కడి ఒమానీల పెళ్లిళ్లలో ఆడవాళ్ల మధ్య కూర్చుని, రేడియోలో వచ్చే ఫ్రెంచి ప్రేమపాటలు పాడేదట. ఆవిడ పాడితే గానీ పెళ్లికూతుర్ని లేవనిచ్చేవారు కాదట. తర్వాత అక్కడ గొడవలు రేగి, కట్టుబట్టలతో ఒమాన్ వచ్చేశారు.

మూడేళ్ల కిందట గొంతులో గడ్డ లేస్తే ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. మెడ మీది రంధ్రంలోంచే ఊపిరి. కూతురికి ఏం చెప్పాలన్నా పలక మీద రాస్తుంది. నాతో సైగలే.

రోజూ పదింటికి స్నానం చేయించి, అద్దం ముందు కూర్చోబెట్టి తల దువ్వుతాను. ఆ టైములో ఒక ఆడగొంతు పాట వినిపించేది. నాకు తెలియని భాష. పక్క విల్లాలో టీవీ అనుకున్నాను.

ఒక రోజు బీబీ కూతురు సల్మా మేడమ్ ఆఫీసు నుంచి ముందే వచ్చి, లోపలి ఆడగొంతు విని గది గుమ్మంలో బిగుసుకుపోయింది.

"అందర్ కౌన్ థా? సచ్ బోలో!" అని హిందీలో అరిచింది. లోపల ఉన్నదెవరో నిజం చెప్పమని. నేనెవరినో తెచ్చి దాచానని ఆమె అనుమానం. మంచం కింద, బాత్రూమ్, నా బీరువా, చివరికి నా ఫోన్, అన్నీ వెతికింది. ఏమీ దొరకలేదు. అయినా ఆమె చూపు మారలేదు.

ఇక్కడే మస్కట్‌లో, మబేలాలో ఉండే మా పెద్దమ్మ కూతురు సుబ్బక్కకు ఫోన్ చేసి ఏడ్చాను.

"ఆయమ్మే యాడనో స్పీకర్ పెట్టి నిన్ను పరీక్ష చేస్తాండాదేమో, చూసుకో పాపా. ఇంట్లోకి మనిషిని తెచ్చినావని పేరొస్తే మళ్లా ఎవురూ పనిలో పెట్టుకోరు" అంది.

నా కూతురి నర్సింగ్ చదువు నా ఉద్యోగం మీదే నడుస్తోంది. ఇక నేను మేడమ్‌ను అనుమానించడం మొదలుపెట్టాను. గదిలో ప్లగ్గులన్నీ పీకేశాను. పరుపు ఎత్తి చూశాను. పాట వస్తూనే ఉంది.

మేడమ్ గదిలో కెమెరా పెట్టించింది. మర్నాడు సాయంత్రం పిలిచి వీడియో చూపించింది. నేను కెమెరాకు వీపు పెట్టి తల దువ్వుతున్నాను. అద్దంలో బీబీ పెదవులు కదులుతున్నాయి. పాట స్పష్టంగా వినిపిస్తోంది. కానీ ఆ రోజు పొద్దున ఆ గదిలో నాకు ఏ పాటా వినపడలేదు. ఒట్టు.

మేడమ్ వీడియో ఆపేసింది. అది రేడియో పాట కాదట. వాళ్లమ్మ తనే కట్టుకున్న ఫ్రెంచి పాట. ఎక్కడా రికార్డు కాలేదు. తను ఆఖరిసారి విన్నప్పుడు పదేళ్ల పిల్లట.

నేరుగా వెళ్లి తల్లిని అడిగింది. బీబీ పలక మీద చాలాసేపు రాసింది. అది చదివి మేడమ్ నావైపు చూసింది. రెండు రోజులు వెంటపడి అడిగితే గానీ పలక మీద ఏముందో చెప్పలేదు.

"పాడేది నేను కాదు, ఈ అమ్మాయే. రోజూ పాడుతుంది. నేను పెదవులు కలుపుతాను."

నాకు ఫ్రెంచి ఒక్క ముక్క రాదు. నా బిడ్డకు కూడా ఏనాడూ జోల పాడలేదు. ముసలావిడ మతి తప్పి రాసిందని సర్దిచెప్పుకున్నాను. కానీ నా నోరంటే నాకే భయం పట్టుకుంది. మర్నాటి నుంచి జడ వేసేటప్పుడు పిన్నులు పళ్ల మధ్య బిగబట్టుకున్నాను.

పాట ఆగిపోయింది. ఎందుకు ఆగిందో, అసలు ఎవరు పాడారో నాకు ఈ రోజుకీ తెలియదు.

ఐదో రోజు బీబీ వెనక్కి తిరిగింది. నా నోట్లోంచి పిన్నులు ఒక్కొక్కటే తీసి తన అరచేతిలో పెట్టుకుంది. మళ్లీ అద్దం వైపు తిరిగి, నా పెదవులనే చూస్తూ కూర్చుంది.