ముంతలో పెద్దమనుషులు

మా పల్లంరాజు బాబయ్యకు మనుషుల మీద ఏమాత్రం గౌరవం లేదు. ఆయన గౌరవమంతా చేపలకే, అందులోనూ రేపో మాపో చచ్చిపోయే చేపలకే. కరణంగారంతటివారిని "ఏంటయ్యా, ఇలా తగలడ్డావు" అని పలకరించే మనిషి, బొటనవేలంత చేప దగ్గరకొచ్చేసరికి గొంతు తగ్గించి "రాత్రి నిద్ర పట్టిందా అండి" అని అడిగేవాడు.

పోనీ చేపలు తినని కొంపలో పుట్టాడా అంటే అదీ కాదు. తాళ్ళరేవులో మాది తాతల నాటి నుంచీ వల పట్టిన వంశం. పొద్దున్నే వలలో పడ్డ చేపల్ని తెచ్చి, మధ్యాహ్నం వాటి పులుసుతో కడుపారా అన్నం తిని, సాయంత్రం తీరిగ్గా కూర్చుని జబ్బుచేపకు సేవ చేసేవాడు. ఇదెక్కడి న్యాయం బాబయ్యా అని అడిగితే ఆయనకు కోపం వచ్చేది.

"తినేది తిండిరా. వీరు తినడానికి పుట్టినవారు కారు" అనేవాడు.

వీరంటే రంగం చేపలు. రాజమహేంద్రవరం దగ్గర గోదావరి మీద రైలు వంతెన కడుతున్న రోజులవి. మా వైపు జనం ఓడలెక్కి కూలికి రంగూను పోయేవారు. రంగూనునే రంగం అనేవాళ్ళం. తిరిగొచ్చే ఓడల్లో గొడుగులు, లక్కపెట్టెలతో పాటు సయాం దేశపు పందెం చేపలు కూడా దిగేవి. ఎర్రవి, నీలివి, పైటచెంగులా పరుచుకునే రెక్కలతో చూడముచ్చటగా ఉండేవి. రెండు మగవాటిని ఒకే నీళ్ళలో వేస్తే మాత్రం ఒకదాన్నొకటి చీల్చుకునేవి. కోడిపందేలతో సరదా తీరని మహానుభావులు వీటి మీద కూడా పందేలు కాయడం మొదలుపెట్టారు. కోరంగి రేవులో బుల్లియ్య అనేవాడు కొట్టు పెట్టి వీటిని సీసాకొకటి చొప్పున అమ్మేవాడు. ఆ సీసాల్లో నీళ్ళు మార్చిన పాపాన పోలేదు. అమ్ముడుపోనివి ఆ మురికిలోనే కుళ్ళేవి. పందెంలో ఓడిపోయి రెక్కలు తెగినవాటిని కొట్టు వెనక బురదలోకి గిరాటేసేవాడు.

బాబయ్య వయసులో ఉండగా రంగంలో కొన్నాళ్ళు పడవ నడిపాడు. అక్కడెవరో సయాం ముసలాయన ఈ చేపల వైద్యం నేర్పాడట. ఎండిన బాదమాకు నానేసిన ఎర్రటి నీళ్ళలో ఒక ఉప్పుకల్లు వేసి, చేపను అందులో వదిలి, పైన గుడ్డ కప్పి నీడన ఉంచాలి. నిలవనీళ్ళలో ఆడే దోమపిల్లల్ని పట్టి తినిపించాలి. ఒకదాని ముఖం ఒకదానికి కనబడకూడదు గనక ఒక్కొక్క దానికి ఒక్కొక్క ముంత. ఎవరేం అడ్డు ప్రశ్న వేసినా ఆయన దగ్గర ఒకటే జవాబు, "అది సయాం శాస్త్రం."

ఆ బురదలోంచి చేపను ఊరికే తెచ్చుకోవచ్చు కదా. ఊహూ, బాబయ్య పద్ధతి మనిషి. మంచి పండుగొప్పను, తోక కొట్టుకుంటున్నదాన్ని, బుల్లియ్య చేతిలో పెట్టి, చావబోయే చేపను పుచ్చుకుని వచ్చేవాడు. బుల్లియ్య ఇంట్లో వారం పొడుగునా పండుగొప్ప పులుసు ఘుమఘుమలాడేది. మా మరిడమ్మ పిన్ని ఇంట్లో చింతపండు చారు.

"ఏవయ్యా, బతికున్న చేపనిచ్చి చచ్చిన చేపను తెచ్చుకునేవాడు ఈ పరగణాలో ఇంకొకడున్నాడా?" అని పిన్ని నిలదీసేది.

"చచ్చిన చేప అనకే. వింటారు" అనేవాడు.

ఇంట్లో నీళ్ళు పట్టే ప్రతి వస్తువులోనూ ఎవరో ఒకరు కాపురం ఉండేవారు. ఒకసారి కరణంగారు ఎండన పడి వచ్చి, గుమ్మంలో కనబడిన చెంబెత్తి గటగటా తాగబోయారు. మీసాల దగ్గర ఏదో కదిలింది. ఆయన కెవ్వుమనేలోపే బాబయ్య రెండు చేతులూ చాచి అడ్డుపడ్డాడు. కరణంగారిని కాపాడడానికేమో అనుకున్నాం.

"మెల్లిగా దించవయ్యా. వారు పొద్దున్నే కాస్త కోలుకున్నారు" అన్నాడు.

ఆ తరువాత ఆ ఇంట్లో మంచినీళ్ళు అడిగిన మొగాడు లేడు.

ఇలా నవ్వుకుంటూ ఉండగానే ఊరి మీదకు మరిడి వచ్చిపడింది. వాంతులూ విరేచనాలూ పట్టుకుంటే మనిషి ఒక పూటైనా నిలవడం లేదు. మోసేవాళ్ళు దొరక్క శవాలను చాపల్లో చుట్టి లాక్కుపోయేవారు. మా పిన్ని పేరు ఆ జబ్బు తల్లి పేరే కావడంతో, బావి దగ్గర ఆవిడ కనబడితే చాలు, ఆడవాళ్ళు బిందె దించి దండం పెట్టేవారు. పిన్ని పాపం నీళ్ళకు వెళ్ళడమే మానుకుంది.

ఆ జబ్బులోనే, మాతో ఒకే ఇంట్లో ఉంటున్న మా చెల్లెలు అచ్చాయమ్మ మొగుడు పోయాడు. వెంటనే ముద్దుల కూతురూ పోయింది. అచ్చాయమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. ఏడవదు, పలకదు. గంజి నోట్లో పోస్తే పెదవి పక్కనుంచి కారిపోయేది. ఇక ఇది కూడా దక్కదని పెద్దవాళ్ళు నా ముఖం మీదే అనేశారు. ఉన్న ఒక్క చెల్లెలు నా కళ్ళ ముందే ఆరిపోతుంటే ఏం చెయ్యాలో తోచక గుమ్మంలో కూర్చుని ఉండేవాణ్ణి.

అప్పుడు వచ్చాడు పల్లంరాజు బాబయ్య, చంకలో ముంత పెట్టుకుని.

"అమ్మాయ్, వీరికి ఒంట్లో ఏం బాగోలేదు. మా ఇంట్లో చోటు లేదు. నువ్వు చూడాలి" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "బాబయ్యా, ఇది వేళాకోళానికి సమయమా?" అన్నాను.

ఆయన నన్ను లెక్కచెయ్యలేదు. ముంత తీసుకెళ్ళి గోడకూ అచ్చాయమ్మ ముఖానికీ మధ్య పెట్టాడు. అందులో ఒక ఎర్రచేప, రెక్కలు చిరిగి, అడుగున ఒరిగి ఉంది. అచ్చాయమ్మ చాలాసేపు దాన్నే చూసింది.

"పోతుందా బాబయ్యా?" అంది. దాని నోట మాట వినడం నాకు అన్నాళ్ళలో అదే మొదటిసారి.

"నువ్వు లేవకపోతే పోతారు" అన్నాడు. లేచి నిలబడి, "రేపొస్తానమ్మా" అన్నాడు.

పరామర్శకు వచ్చిన ఆడవాళ్ళు గుండెలు బాదుకున్నారు. చావింట్లోంచి వెళ్ళేటప్పుడు చెప్పకుండా లేచి పోవాలి. వస్తానంటే ఇంకో చావును పిలిచినట్టే. వయసొచ్చింది గానీ బుద్ధి రాలేదని నలుగురూ నాలుగు వైపుల నుంచీ తిట్టారు. మర్నాడు బాబయ్య అన్నట్టే వచ్చాడు, మళ్ళీ వెళ్ళేటప్పుడు ఆ మాటే అన్నాడు.

అప్పటి నుంచి సయాం శాస్త్రం మా ఇంట్లో కాపురం పెట్టింది. తలస్నానం చెయ్యకుండా ముంత ముట్టుకుంటే చేపకు గిట్టదన్నాడు. ఆకలి కడుపుతో దోమపిల్లల్ని వేస్తే అది తినదన్నాడు. నీళ్ళు అచ్చాయమ్మే నూతి దాకా నడిచి వెళ్ళి తేవాలట, వేరేవాళ్ళు తెస్తే పనికిరావట.

"చేపకు మనం అన్నం తిన్నదీ లేనిదీ ఎలా తెలుస్తుంది బాబయ్యా?" అన్నాను.

"నీకు తెలియనివన్నీ వారికి తెలియకూడదా?" అన్నాడు.

నవ్వొస్తే నవ్వండి గానీ, అచ్చాయమ్మ స్నానం చేసింది. రెండు ముద్దలు తింది. బాదమాకు తెచ్చిపెట్టు అన్నయ్యా అని నన్ను అడిగింది. దోమపిల్లల కోసం పెరట్లో తొట్టి మీదకు వంగి వెతుక్కునేది. చేప కూడా తేరుకుని ముంతంతా తిరుగుతుంటే, నాకు ఆ పిచ్చి మనిషి కాళ్ళకు మొక్కాలనిపించింది.

వానలు పడుతున్న రోజుల్లో ఒక పొద్దున నేను దడి పక్కనుంచి పెరట్లోకి వచ్చాను. అచ్చాయమ్మను నూతికి పంపి, బాబయ్య దాని ముంతలోని చేపను బాదమాకులో చుట్టుకుంటున్నాడు. చేప చచ్చిపోయి ఉంది. పక్కన తను తెచ్చిన ఇంకో ముంత.

"ఏంటిది బాబయ్యా?"

"అరవకు" అన్నాడు. "మొదటాయన వచ్చిన మర్నాడే పోయారు. అప్పటి నుంచీ ఇంతే. పోయినప్పుడల్లా ఇంకొకర్ని తెచ్చి వేస్తున్నా. నేను బాగుచేసుకున్న ఎర్రవాళ్ళందరూ ఇక్కడికే వచ్చేశారు."

"దానికి చెప్పకుండానా?"

"ఈ ఇంట్లో ఇంకో చావు దానికి చూపించమంటావా?" అన్నాడు. "కానీ ఇక ఎర్రవి లేవురా. వల ఇచ్చేస్తానన్నాను బుల్లియ్యకి. మీ పిన్ని కూడా ఇచ్చెయ్యమంది. ఓడలు ఆగిపోయాయి, నా దగ్గరా ఏం లేవంటాడు వాడు."

వల ఇచ్చేస్తే ఆ ముసలివాళ్ళిద్దరూ ఏం తింటారు? బాబయ్య తన ముంతలోని చేపను దాని ముంతలోకి వదిలాడు. అది నీలం రంగు చేప. నేరేడుపండు పక్కన పెడితే పండే వెలవెలబోవాలి, అంత నీలం.

"బాబయ్యా, గుడ్డివాడికైనా తెలుస్తుంది."

"నువ్వు నోరు మూసుకో" అన్నాడు.

అచ్చాయమ్మ బిందెతో వచ్చింది. ముంత మీద గుడ్డ తీసింది. చూసింది.

"ఇదేంటి బాబయ్యా, నీలంగా ఉన్నారు?" అంది.

"వానాకాలం కదమ్మా. రంగు తిరుగుతారు. సయాం శాస్త్రం."

"అలాగా" అంది. బుద్ధిగా నీళ్ళు మార్చింది. బాబయ్య పెద్ద గండం గడిచినట్టు పైపంచెతో ముఖం తుడుచుకుని, రేపొస్తానమ్మా అని వెళ్ళిపోయాడు.

నేను ఆగలేకపోయాను. "నిజంగా నమ్మావా నువ్వు?" అన్నాను.

అచ్చాయమ్మ ముంత మీద గుడ్డ సర్దింది.

"మొదటిది పోవడం నేను కళ్ళారా చూశాను అన్నయ్యా. తెల్లారి చూస్తే వెల్లకిలా తేలుతోంది. ఇక నేనూ పోవడమే మేలనుకున్నాను. ఈలోపు ఆయన వచ్చి నన్ను నూతికి తరిమాడు. తిరిగొచ్చేసరికి ముంతలో ఇంకోటి తిరుగుతోంది. ఆయన గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు, దొంగతనం చేసినవాడిలాగ."

"మరి చెప్పలేదేం?"

"ఎలా చెప్పను? పెద్దాయన. నాకోసం రోజూ ఇంత దూరం నడిచొచ్చి అబద్ధం ఆడుతున్నాడు. నేనూ పోతే ఆయన ఏమైపోతాడోనని దిగులేసింది."

చాలా రోజుల తరువాత నా చెల్లెలి పెదవి కాస్త వంగింది.

"రేపు పచ్చది తెచ్చినా సరే, నువ్వు మాత్రం ఏమీ అనకు" అంది.