గట్టయ్య బిళ్ళ, మహేశ్వరి సున్నా

మందమర్రి కాలనీలో మహేశ్వరి లెక్కల పిచ్చి అందరికీ తెలుసు. గనిలో ఊపిరితిత్తులు పాడుచేసుకున్న తండ్రి కొలువు ఆమెకొచ్చింది, గని పైన బిళ్ళల కిటికీ దగ్గర. దిగే ప్రతి మనిషీ తన నంబరు బిళ్ళను కొక్కేనికి తగిలించి పోవాలి, ఎక్కాక తీసుకోవాలి. అది చాలక మహేశ్వరి తలలు కూడా లెక్కపెట్టేది. దిగినవాళ్లు ప్లస్, ఎక్కినవాళ్లు మైనస్. చివరికి సున్నా వస్తేనే ఆమెకు అన్నం సయించేది.

కూతురు అమూల్యకు పాఠం కూడా అలాగే చెప్పింది. "మనుషులను సహజ సంఖ్యలతోని లెక్కపెడ్తం. ఒకటి, రెండు, మూడు. లోపల ఎవ్వలు లేకుంటే సున్నా. గది కలిస్తే పూర్ణాంకాలు. మైనస్‌లు సుత కలిస్తే పూర్ణసంఖ్యలు."

"మైనస్ మనిషి ఉంటడా అమ్మా?"

"యాడుంటడు? గది కాగితం మీదనే."

ఒకనాడు పొద్దటి షిఫ్టు పని ముగించి పైకెక్కింది. లెక్క సున్నాకొచ్చింది. గట్టయ్య బిళ్ళ మాత్రం కొక్కేనికే వేలాడుతోంది. బిళ్ళ మరిచి ఇంటికి పోవడం ఆ పెద్దమనిషికి అలవాటే. మహేశ్వరి నవ్వుకుని వదిలేసింది.

పొద్దు వాలుతుండగా ఆయన భార్య సారక్క వచ్చింది. "మీ కాక ఇంకా ఇంటికి రాలే. జర చూడు బిడ్డా."

"ఎక్కిండు చిన్నవ్వా. లెక్క సున్నా వచ్చింది, లోపల ఎవ్వలు లేరు. చాయ్ హోటల్ కాడ ఉంటడు, ఫికర్ చెయ్యకు."

సారక్క నమ్మి వెనక్కి తిరిగింది.

చాలాసేపటికి, లోపల దారి కలిసే ఉన్న పక్క గని నుంచి ఫోనొచ్చింది. "మా సంపత్ ఎక్కలే. ఒక మనిషి తక్కువ పడుతుండు."

"గిక్కడ ఎక్కిండన్నా! ఇల్లు దగ్గరని లోపల్నుంచే మా దిక్కు నడిచొచ్చిండు."

నవ్వబోయిన మహేశ్వరి మళ్లీ లెక్క చూసుకుంది. ఇక్కడ దిగని మనిషి ఇక్కడ ఎక్కాడు. ఉండడని కూతురికి చెప్పిన మైనస్ మనిషిని తనే లెక్కలోకి రానిచ్చింది. అయినా సున్నా వచ్చిందంటే, ఇంకొకరు లోపలే ఉండాలి. కొక్కెం వైపు చూసింది. గట్టయ్య కోసం లోపలికి మనుషులను దింపమని కేకేసింది.

పైకప్పు కూలిన చోట, బండ కింద గట్టయ్య దొరికాడు. ప్రాణం ఉంది. కరీంనగర్ ఆసుపత్రిలో కాలు తీసేశారు. ముందే తెస్తే నిలిచేదన్నారు డాక్టర్లు. సారక్క తిట్టి ఉంటే మహేశ్వరికి కాస్త ఊపిరాడేది. తిట్టలేదు.

"నువ్వు ఎవ్వలు లేరంటివి, నేను సుత గట్లనే అనుకుంటి బిడ్డా" అంది, అంతే.

మహేశ్వరి ఇప్పుడు తలలు లెక్కపెట్టదు. ఎక్కే ప్రతివాణ్ణీ పేరుపెట్టి పిలిచి, బిళ్ళ చేతికిచ్చాకే కదలనిస్తుంది. ఇల్లు చేరే తొందరలో వాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ.

మొన్న అమూల్య పుస్తకం తెచ్చింది. "ప్లస్ ఒకటి, మైనస్ ఒకటి కలిస్తే సున్నానే కదా అమ్మా?"

"సున్నానే" అంది మహేశ్వరి. పరీక్షలో అదే రాయాలి మరి. తర్వాత వంటింట్లోకి పోయి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.