బ్రేకు తొక్కలేదట, కారు మాత్రం ఆగింది

ఇయ్యాల పొద్దుగాల అవ్వను స్కూటీ మీద ఎక్కించుకొని శామీర్‌పేట నుంచి మేడ్చల్ దవఖానకు పోతున్న. ముందటి కరెంటు కారు ఉన్నట్టుండి నెమ్మదైంది, ఎనక ఎర్ర లైటు మాత్రం వెలగలే. నేను గట్టిగ బ్రేకేస్తే స్కూటీ జారి ఇద్దరం మట్టిల పడ్డం. అవ్వ మోచెయ్యి గీసుకపోయింది.

కారాయన దిగొచ్చి, "నేను బ్రేకే తొక్కలే తమ్మీ. ఎక్సలేటర్ మీదినుంచి కాలు తీస్తే గిది దానంతటదే ఆగుతది. ఇగ లైటెట్ల వెలుగుతది?" అన్నడు.

అవ్వ మట్టి దులుపుకుంట అడిగింది: "నువ్వు కాలు తీసిన ముచ్చట ఎనకొచ్చేటోళ్లకు ఎట్ల తెల్వాలె బిడ్డా?"

అవ్వను కార్ల ఎక్కించుకొని దవఖానకు ఆయనే తీస్కపోయిండు. నేను ఎనకనే పోయిన, మస్తు దూరంగ.

నాకైతే ఇంకా మండుతాంది. బండి ఆగుతాందని చెప్పనీకే కదా ఆ లైటు? కరెంటు కార్లున్నోళ్లు, మీది వెలుగుతదో లేదో సూసి చెప్పుండ్రి.